సమాంతర గణన స్వాప్నికుడు - రిచర్డ్‌సన్

పెద్ద పనిని పదిమంది పంచుకుంటే త్వరగా ముగుస్తుందన్నది లోకానుభవం. ఆ పంపకం ఎలా జరగాలి, ఒకరి పని మరొకరి పనితో ఎక్కడ ముడిపడుతుంది అని విచారించే శాస్త్రాన్నే నేడు సమాంతర గణన అంటున్నాం. ఎలక్ట్రానిక్ కంప్యూటర్ పుట్టకముందే ఈ మార్గాన్ని దర్శించిన మేధావి లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్.

ఆయన 1881 అక్టోబర్ 11న ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరంలో, శాంతివాదులైన క్వేకర్ల కుటుంబంలో జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివి, 1913లో స్కాట్లండులోని ఎస్క్‌డేల్‌మ్యూర్ పరిశోధనాలయానికి అధిపతి అయ్యారు. గాలి భౌతిక నియమాలకు లోబడి నడుస్తుంది కాబట్టి రేపటి వాతావరణాన్ని లెక్కకట్టి చెప్పవచ్చునని ఆయన విశ్వసించారు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టడానికి ఆయన అంతరాత్మ అంగీకరించలేదు. 1916లో ఉద్యోగం వదలి, ఫ్రాన్సు యుద్ధభూమిలో క్షతగాత్రులను తరలించే వాహనాన్ని నడిపారు. 1910 మే 20 నాటి పరిశీలనల ఆధారంగా ఆరు గంటల్లో వాయుపీడనం ఎంత మారుతుందో చేతితోనే గణించారు. అందుకు సుమారు ఆరు వారాలు పట్టింది. 145 మిల్లీబార్లు పెరుగుతుందని ఫలితం వచ్చింది. వాస్తవానికి ఆనాడు పీడనం దాదాపు నిలకడగానే ఉంది. 1917లో వ్రాతప్రతి సైతం పోయి, కొన్ని నెలలకు బెల్జియంలో ఒక బొగ్గుకుప్ప కింద దొరికింది.

1922లో ప్రచురించిన గ్రంథంలో ఆయన ఈ వైఫల్యాన్ని దాచలేదు. పైగా ఒక అద్భుత కల్పనను జోడించారు. నాటకశాల వంటి విశాల మందిరం. దాని గోడలపై ప్రపంచపటం. అందులో 64,000 మంది గణకులు. ఒక్కొక్కరు తమ భాగాన్ని మాత్రమే లెక్కిస్తారు. వచ్చిన విలువను పొరుగువారికి కనబడేలా ప్రదర్శిస్తారు. నడుమ స్తంభంపై నిలిచిన నాయకుడు, ముందుకు పోయినవారిపై గులాబి కాంతిని, వెనుకబడినవారిపై నీలి కాంతిని ప్రసరింపజేస్తాడు.

ఈ కల్పనలో లోతైన సత్యం ఉంది. పొరుగు విలువ అందనిదే ఏ గణకుడూ మరో అడుగు వేయలేడు. ఒక్కరు ఆలస్యమైనా అందరూ ఆగవలసిందే. కనుక పనిని సమంగా పంచడం, ఫలితాలను ఇచ్చిపుచ్చుకోవడం, అందరినీ ఒకే వేగంతో నడిపించడం అనే మూడూ అవసరం. సమాంతర అల్గారిథమ్‌ను రచించేవారు నేటికీ ఈ మూడింటినే పరిశీలిస్తారు.

వాతావరణ శాఖ వైమానిక మంత్రిత్వ శాఖలో చేరడంతో 1920లో ఆయన ఆ కొలువును కూడా విడిచారు. తరువాత యుద్ధాల కారణాలను గణితంతో శోధించారు. 1950లో ఎనియాక్ యంత్రం తొలి వాతావరణ సూచనలను గణించిన వార్త విని ఆనందించారు. 1953 సెప్టెంబర్ 30న కన్నుమూశారు. ఆయన లెక్క తప్పడానికి కారణం పద్ధతి కాదనీ, ఆరంభ విలువలలోని అసమతుల్యత అనీ తరువాతి శాస్త్రజ్ఞులు నిరూపించారు. తప్పిన లెక్కను సైతం నిజాయితీగా లోకం ముందు ఉంచినందుననే ఆ దోషాన్ని సవరించడం సాధ్యమైంది.