31 గ్రాముల భాస్వరం



మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఏ బ్రాంచిలోనైనా మోల్ కాన్సెప్ట్ మొదలుపెట్టగానే పిల్లలు అడిగేది ఒకటే. గ్రాములు ఉండగా మళ్లీ మోల్స్ ఎందుకు? దానికి జవాబు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితంలో ఉంది.

ఆయన చదువు సాఫీగా సాగలేదు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాదిద్దామని చిన్నప్పుడే ఇల్లు వదిలి బయల్దేరితే తల్లి వెంకమ్మ గారు వెనక్కి పట్టుకొచ్చారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. (ర్యాంకుల ఊసు ఇక్కడ ఎత్తను.) మెడికల్ కాలేజీలో ఆయన ఖద్దరు కట్టడం ఇంగ్లీషు ప్రొఫెసర్‌కు గిట్టలేదు. ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. ఈలోగా అన్న పురుషోత్తం గారు స్ప్రూ వ్యాధితో చనిపోయారు. 1922లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో చదివారు.

అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రచురించారు. మాలిబ్డేట్ కలిపి చర్య జరిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువ.

ఆ పద్ధతితో కండరాన్ని పరీక్షిస్తే కొత్త పదార్థం బయటపడింది. అది విడిపోతే క్రియాటిన్, ఫాస్ఫేట్ వస్తాయి. 131 మి.గ్రా. క్రియాటిన్‌కు భాస్వరం 31 మి.గ్రా. మాత్రమే. బరువులో నాలుగింతలకు పైగా తేడా, ఏ పొంతనా కనిపించదు.

మన మదనపల్లె టమాటా మార్కెట్‌ను తలుచుకోండి. కాయ 60 గ్రాములనుకుంటే 15 కిలోల క్రేటులో 250 కాయలు. ఎవరూ లెక్కపెట్టక్కర్లేదు, భాగిస్తే చాలు. ఇక్కడా అంతే. భాస్వరం పరమాణు భారం 31, క్రియాటిన్ అణుభారం 131. ఎవరి బరువును వారి భారంతో భాగిస్తే రెండు వైపులా 1 మిల్లీమోల్. అంటే ఒక క్రియాటిన్‌కు ఒక ఫాస్ఫేట్! 1927లో ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్ అదే. 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా దాన్ని కనుగొన్నారు. అందులో ఫాస్ఫేట్లు మూడు, కాబట్టి ఒక మోల్‌లో భాస్వరం 93 గ్రాములు.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు పర్మినెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది. గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉండేది అదే. బోదకాలుకు హెట్రజాన్ కూడా అక్కడిదే. అన్నను బలిగొన్న స్ప్రూకూ ఫోలిక్ యాసిడ్ మందైంది.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు గారు అమెరికాలో కన్నుమూశారు. 1922లో ఓడ ఎక్కాక ఇండియాకు తిరిగి రాలేదు. భార్య శేషగిరి గారు ఆయన్ను మళ్లీ చూడనే లేదు.