చక్రాలు పోత పోయించిన వెబ్

అమ్మకో నాన్నకో బదిలీ అయినప్పుడల్లా మనం సామాను సర్దుకొని రైలెక్కుతాం. ఆ రైలు చక్రం ఎలా పుడుతుందో ఎప్పుడైనా ఆలోచించామా? మన రైల్వేకు బెంగళూరు దగ్గర యలహంకలో చక్రాలను పోత పోసే సొంత కర్మాగారం ఉంది. రైల్వేలు సొంతంగా ఫౌండ్రీలు నడపడం చాలా పాత పద్ధతి. ఆ పనిలో పేరు పొందిన ఇంగ్లండు ఇంజనీరు ఫ్రాన్సిస్ వెబ్ గురించి తెలుసుకుందాం.

వెబ్ 1836లో టిక్సల్ గ్రామంలో పుట్టారు. తండ్రి చర్చిలో మతగురువు. 1851లో వెబ్ క్రూ పట్టణంలోని రైల్వే కర్మాగారంలో పని నేర్చుకోవడానికి చేరారు. 1871లో లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే ఇంజన్ల విభాగానికి అధిపతి అయ్యారు.

క్రూలో ఇంజన్లే కాదు, ఉక్కు, పట్టాలు, సిగ్నళ్లు, ఇటుకలు కూడా తయారయ్యేవి. ప్రమాదాల్లో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న కార్మికులకు కృత్రిమ అవయవాలనూ అక్కడే చేసేవారు.

అప్పట్లో ఇంజను చక్రాలను కమ్మరులు కాల్చి, సుత్తులతో కొట్టి, ముక్కలు అతికి చేసేవారు. అది ఖర్చుతో కూడిన పని. 1873లో మొదలైన బొగ్గు రవాణా ఇంజన్లకు వెబ్ పోత ఇనుప చక్రాలు వాడారు. ఇసుకలో చక్రం ఆకారంలో అచ్చు చేసి, కరిగిన ఇనుము పోస్తే ఆకులతో సహా చక్రం ఒకే ముక్కగా వస్తుంది. దానిపై కాల్చిన ఉక్కు పట్టా తొడుగుతారు. పట్టా చల్లారి బిగుసుకుంటుంది. మన ఎడ్లబండి చక్రానికి కమ్మరి పట్టా ఎక్కించేదీ ఇలాగే. అలాంటి ఇంజన్లు 500 తయారయ్యాయి. 1878లో ఒక ఇంజనును ఇరవై ఐదున్నర గంటల్లోనే కట్టి చూపించారు.

వెబ్ చేసినవన్నీ నెగ్గలేదు. ఆవిరిని రెండుసార్లు వాడుకునే కాంపౌండ్ ఇంజన్లంటే ఆయనకు ఎంతో మక్కువ. వాటిలో కొన్ని బయలుదేరేటప్పుడే మొరాయించేవి. అయినా ఆయన ఆ పట్టు వదల్లేదు. 1903లో ఆయన ఉద్యోగం విడిచాక, తర్వాతి అధికారి వాటిని త్వరగా పక్కన పెట్టారు. పోత చక్రాల బొగ్గు ఇంజన్లు మాత్రం దశాబ్దాలపాటు పనిచేశాయి.

కఠినమైన అధికారిగా పేరున్న వెబ్ పెళ్లి చేసుకోలేదు. 1906లో కన్నుమూశారు. తన ఆస్తిలోంచి పెద్ద మొత్తాన్ని రైల్వే ఉద్యోగుల అనాథ పిల్లల కోసం రాసి వెళ్లారు. ఆ డబ్బుతో క్రూలో కట్టిన ఆశ్రమం 1911లో తెరుచుకుంది.

మనమూ ఉద్యోగుల పిల్లలమే. అమ్మానాన్నల ఉద్యోగమే మన ఊరిని, బడిని, స్నేహితులను నిర్ణయిస్తుంది. ఆ ఉద్యోగి లేకుండా పోతే పిల్లల గతి ఏమిటని ఆలోచించిన అధికారి వెబ్. అందుకే ఆయన చక్రాలతో పాటు ఆ ఆశ్రమాన్నీ మనం గుర్తుంచుకోవాలి.