కేంబ్రిడ్జిలో రామానుజన్ బస

1914 మార్చి 17వ తేదీన శ్రీనివాస రామానుజన్ మద్రాసు రేవులో ‘నెవాసా’ అనే ఓడ ఎక్కారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరు సంవత్సరాలు. సముద్రయానం నిషిద్ధమని నమ్మే శ్రీవైష్ణవ కుటుంబం ఆయనది. పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతానికి గుమాస్తాగా పనిచేసిన ఆ యువకునికి మద్రాసు విశ్వవిద్యాలయం ఏటా 250 పౌండ్ల పరిశోధక వేతనం మంజూరు చేసింది. అందులో 50 పౌండ్లు తల్లిదండ్రులకు చేరే ఏర్పాటు చేసి, పిలక తీయించుకొని, కోటు తొడుక్కొని ఆయన ప్రయాణమయ్యారు. భార్య జానకి అత్తగారి వద్ద ఉండిపోయింది.

కేంబ్రిడ్జిలో తొలి రోజులు గణిత శాస్త్రజ్ఞుడైన నెవిల్ ఇంట గడిచాయి. కొన్ని వారాలకు ట్రినిటీ కళాశాలకు చెందిన హ్యూవెల్స్ కోర్టులో బస కుదిరింది. తనను పిలిపించిన ఆచార్య హార్డీ నివాసం అక్కడికి దగ్గరే. పరిశోధనకు అంతకంటె అనువైన చోటు లేదు. కాని గణితం తప్ప ఆ గదులలో ఆయనకు తెలిసినదేదీ లేదు. బూట్లు పాదాలను బాధించేవి. చలి మరింత బాధించేది.

తరువాతి కాలంలో సంఖ్యాశాస్త్రంలో ప్రఖ్యాతి పొందిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ అప్పుడు కేంబ్రిడ్జిలో విద్యార్థి. ఆయన ఒకనాడు వచ్చేసరికి రామానుజన్ నిప్పుగూటికి చేరువగా ఒదిగి కూర్చున్నారు. రాత్రివేళ ఓవర్‌కోటుతో పడుకొని, శాలువ చుట్టుకొన్నా చలి ఆగడం లేదని చెప్పారు. మహలనోబిస్ పడకగదిలోకి వెళ్ళి చూశారు. మంచం మీద కంబళ్ళు చాలానే ఉన్నాయి. అయితే వాటి అంచులను పరుపు కిందికి బిగించి, పైన దుప్పటి పరచి ఉంచారు. కంబళ్ళను తొలగించి వాటి లోపల పడుకోవాలని తెలియక రామానుజన్ ఆ పలుచని దుప్పటి కిందనే వణుకుతున్నారు. అనంత శ్రేణుల అంతు చూసిన మేధావికి పక్క వేసిన తీరు అర్థం కాలేదు! మిత్రుడు చూపగా ఎంతో సంతోషించారు.

భోజనం విషయంలో ఆయన లొంగలేదు. కళాశాల వంటశాల పాత్రల శుచిత్వం మీద నమ్మకం లేక, బట్టలు మార్చుకొని తన గదిలోనే వండుకొనేవారు. లెక్కలలో మునిగితే పొయ్యి వెలిగించే వేళే తెలిసేది కాదు. 1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. కూరగాయలు, పండ్లు దొరకడం కష్టమైంది. ఒకసారి మిత్రులను విందుకు పిలిచి స్వయంగా చారు వడ్డించారు. మూడవసారి వడ్డించబోగా వారు వద్దన్నారు. దానిని తిరస్కారంగా భావించి ఆయన మెల్లగా బయటికి వెళ్ళిపోయారు. మిత్రులు వేచి చూశారు, ఆయన రాలేదు. కొన్ని రోజుల తరువాత ఐదు పౌండ్లు పంపమని ఆక్స్‌ఫర్డు నుండి తంతి వచ్చింది. మనసు విప్పి మాట్లాడుకొనే మనిషి దగ్గర లేని ఒంటరితనమే అంతటి సున్నితత్వానికి కారణమై ఉండవచ్చు. ఇంటి వద్ద అత్తాకోడళ్ళ నడుమ పొరపొచ్చాలు. జానకి వ్రాసిన ఉత్తరాలు ఆయనకు చేరనే లేదు.

1917లో ఆయన జబ్బుపడ్డారు. ఆ తరువాత గదికంటె ఆరోగ్యశాలలలోనే ఎక్కువ కాలం గడిచింది. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వమూ, ట్రినిటీ కళాశాల ఫెలోషిప్పూ లభించాయి. 1919లో స్వదేశం చేరారు. చివరి నెలలలో కూడా మంచం మీదనుండే లెక్కలు వ్రాస్తూ, 1920 ఏప్రిల్ 26న కన్నుమూశారు. ఆ కాగితాలు క్రమంగా ట్రినిటీ కళాశాలకే చేరాయి. 1976లో జార్జి ఆండ్రూస్ అనే గణిత శాస్త్రజ్ఞుడు అక్కడి రెన్ గ్రంథాలయంలో ఒక పెట్టెలో వాటిని గుర్తించాడు.