షరీఅత్ పరమార్థం చెప్పిన ఇమామ్ గజాలీ

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) 1058లో ఖురాసాన్‌లోని తూస్‌లో పుట్టారు. జువైనీగారి వద్ద చదివి, 1091లో బాగ్దాద్ నిజామియా మదర్సాలో పెద్ద ఉస్తాద్ అయ్యారు. పేరుకూ హోదాకూ లోటు లేదు. అయినా తాను చెప్పే పాఠం అల్లాహ్ కోసమా, కీర్తి కోసమా అన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. 1095లో నోట మాట రాక పాఠమే ఆగిపోయింది. కుటుంబానికి సరిపడా ఉంచి, మిగతాది పంచిపెట్టి, ఉద్యోగం వదిలేసి డమాస్కస్, జెరూసలేం, మక్కా వెళ్లారు.

1106లో నైషాపూర్‌లో మళ్లీ పాఠం మొదలుపెట్టారు. 1109లో ‘అల్ ముస్తస్ఫా’ పూర్తిచేశారు. దీన్, ప్రాణం, బుద్ధి, సంతతి, ఆస్తి, ఈ అయిదింటిని కాపాడడమే షరీఅత్ ఉద్దేశమని అందులో తేల్చారు. ఖిసాస్ ప్రాణం కోసం, సారా నిషేధం బుద్ధి కోసం, దొంగకు శిక్ష ఆస్తి కోసం. 1111లో తూస్‌లోనే కన్నుమూశారు. తర్వాత గ్రనడాలో షాతిబీగారు ఈ విషయాన్నే విస్తరించారు.

హుకుం తెలిస్తే చాలదు, అది ఎందుకోసమో కూడా తెలియాలన్నదే ఆయన మనకిచ్చిన పాఠం.