మూడువేల మంది ప్రశ్న: క్లౌ దొరగారి జీవితము



ఈ మధ్య తారానగర్‌లో జరిగిన ఒక ఇంటి ప్రార్థన కూడికలో అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయము చదువుకున్నాము. ముగింపు ప్రార్థనకు ముందు మన పిల్లలలో ఒక కుర్రవాడు లేచి ఒక సందేహం అడిగాడు. ఒక్క రోజులో మూడువేల మందిని నీటిలో ముంచి బాప్తిస్మము ఇవ్వడం ఎలా కుదురుతుంది, పొద్దు చాలుతుందా అని. వాక్యాన్ని శంకించకూడదని చెప్పి మా పెద్దలమే అతనిని కూర్చోబెట్టాము. అతడు కూర్చున్నాడు గాని జవాబు దొరకలేదని ముఖం చూస్తేనే తెలిసింది. ఇంటికి వచ్చాక మాకే మనసొప్పలేదు. ఆ సందేహానికి జవాబు మన తెలుగు బాప్తిస్టుల చరిత్రలోనే ఉంది. మన తాతముత్తాతలు క్లౌ దొరగారని పిలుచుకున్న జాన్ ఎవరెట్ క్లౌ గారి జీవితములో ఉంది.

క్లౌ గారు 1836 జూలై 16న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రములోని ఫ్రూస్‌బర్గ్‌లో పుట్టారు. ఆయన చిన్నతనములోనే కుటుంబము పడమటి రాష్ట్రాలకు తరలిపోయింది. కుర్రతనములో మిన్నెసోటా అడవులలో ప్రభుత్వ భూముల సర్వే పనిలో చేరారు. గొలుసు పట్టి నేల కొలిచి, లెక్క సరిపోతేనే కాగితం మీద గీత గీసే పని అది. ఆ అలవాటు ఆయనను చివరి వరకు విడువలేదు. లాయరు కావాలన్న కోరికతో అయోవా రాష్ట్రములోని బర్లింగ్టన్‌లో బాప్తిస్టుల విద్యాలయములో చేరారు. అక్కడ ఆయన మనసు మారింది. 1858లో మిసిసిపీ నదిలో బాప్తిస్మము పొందారు.

అప్పటికి మన తెలుగు మిషను నిలుస్తుందో లేదో తెలియని స్థితిలో ఉంది. 1836లో శామ్యూల్ డే గారు వచ్చి ఎంత ప్రయాసపడినా ఫలము కొద్దిగానే కనబడింది. మిషనును మూసివేద్దామన్న మాట అమెరికాలో ఒకసారి కాదు, పలుమార్లు వచ్చింది. జ్యూయెట్ గారు మాత్రము పట్టు విడువలేదు. ఆయనతో కలిసి పని చేయడానికి క్లౌ గారు తన భార్య హ్యారియెట్ సండర్లాండ్ గారితో 1864 చివర ఓడ ఎక్కి, 1865లో మద్రాసులో దిగారు. 1866లో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడింది.

ఆ నెలలోనే తాళ్ళకొండపాడు నుండి పిలుపు వచ్చింది. పిలిచినవారు యెర్రగుంట్ల పేరయ్య గారు. మాదిగ కులములో పుట్టి, తోళ్ళ వ్యాపారము చేసుకుంటూ, దేవుని కోసం గురువుల దగ్గర యోగము నేర్చుకున్న మనిషి. ఆయన కూడా అడిగి, వెతికి, పరీక్షించి క్రీస్తు దగ్గరకు వచ్చినవాడే. ఆ కూడికలో 28 మంది బాప్తిస్మము పొందారు.

ఇక్కడే క్లౌ గారికి మొదటి పెద్ద చిక్కు వచ్చింది. ఒంగోలులో అగ్రకులస్థుల పిల్లలు మిషను బడికి వస్తున్నారు. ముందుగా పై కులాలవారు మారితే సువార్త క్రింది వారికి తానే దిగి వస్తుందని ఆ రోజులలో చాలామంది మిషనరీల ఆలోచన. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలను మాన్పిస్తామని ఆ పెద్దలు కచ్చితంగా చెప్పారు. క్లౌ గారు గదిలోకి పోయి ప్రార్థించి, చేతికందిన క్రొత్త నిబంధన తెరిస్తే మొదటి కొరింథీయులకు పత్రిక 1:26 దగ్గర తెరుచుకుంది. వేరే గదిలో ఉన్న ఆయన భార్య కూడా, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, అదే భాగము చూశారు. మన సంఘాలలో ఈ సంగతి తరచుగా చెప్పుకుంటాము. అయితే ఒకటి గమనించాలి. పుస్తకము ఎక్కడ తెరుచుకుంటే అక్కడిదే తీర్పు అని మనము పిల్లలకు నేర్పకూడదు. ఆ వాక్యము చెప్పే సంగతి అప్పటికే క్లౌ గారి కళ్ళ ముందు జరుగుతూ ఉంది. గొప్పవారు వింటున్నారు గాని రావడం లేదు. త్రోసివేయబడినవారు నడిచి వస్తున్నారు. వాక్యము, కంటితో చూసిన నిజము, మనస్సాక్షి మూడూ ఒక దారినే చూపించాయి. బడి పోయింది. తలుపు తెరుచుకుంది.

చేరినవారికి ఆయన పెట్టిన నియమాలు మూడే. ఆదివారము పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసము తినకూడదు, విగ్రహాలకు మ్రొక్కకూడదు. వినడానికి చిన్నవి. ఊరి జాతరలో డప్పు కొట్టనన్న మాదిగవానికి మాత్రము ఆ నియమాల వలన పని పోయేది, దెబ్బలు పడేవి.

1876లో వానలు లేవు. 1878 వరకు సాగిన ఆ కరువు దక్షిణ దేశమంతటా లక్షలమందిని తినివేసింది. క్లౌ గారు తన పాత సర్వే విద్యను బయటకు తీశారు. బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడు మైళ్ళ త్రవ్వకము కాంట్రాక్టుగా తీసుకొని, వేలమందికి పని, కూలి కల్పించారు. బోధకులే మేస్త్రీలుగా నిలిచారు. సాయంకాలము అలసినవారి దగ్గర కూర్చొని మత్తయి 11:28లోని పిలుపును వినిపించారు.

ఆ కరువులోనే జనము గుంపులుగా వచ్చి బాప్తిస్మము అడిగారు. క్లౌ గారు ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. ఇది విశ్వాసలోపము కాదు. వచ్చినవారు క్రీస్తు కోసం వచ్చారా, కూటి కోసం వచ్చారా అన్న ప్రశ్న బయటివారికంటే ముందు ఆయనే వేసుకున్నారు. 1878 జూన్‌లో, సహాయము ముగిసిన తరువాత, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున జనము కూడారు. ఇక డబ్బు లేదని చెప్పినా కదలలేదు. తమకు సహాయము అక్కరలేదని, బాప్తిస్మమే కావాలని అడిగారు. అప్పుడు బోధకులు ఊరూరి వారిని వేరుగా కూర్చోబెట్టి, ప్రశ్నించి, పేర్లు వ్రాశారు.

జూలై 2న 614 మంది, జూలై 3న 2,222 మంది, జూలై 4న 700 మంది బాప్తిస్మము పొందారు. జూలై 3న క్లౌ గారు తాను నీళ్ళలో దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకున్నారు. మధ్యాహ్నపు విరామము తీసివేస్తే పని జరిగినది సుమారు తొమ్మిది గంటలు.

ఇప్పుడు మన కుర్రవాని లెక్క చేద్దాము. ఒకేసారి ఇద్దరు చొప్పున 2,222 మంది అంటే ఒక్కొక్కరి వంతు 1,111. తొమ్మిది గంటలలో అంటే ఒక్కొక్కరికి అర నిమిషము. అదే వేగముతో పన్నెండుమంది అపొస్తలులు మూడువేల మందిని పంచుకుంటే ఒక్కొక్కరికి 250 మంది, రెండు గంటల పని. పెంతెకొస్తు దినమున అది అసాధ్యమన్నవారికి గుండ్లకమ్మ నది జవాబు చెప్పింది. ఆ లెక్క చేయడం వలన మన విశ్వాసము తగ్గిందా? పెరిగిందని మా మాట.

ఆ యేడాది ముగిసేసరికి బాప్తిస్మము పొందినవారు తొమ్మిదివేలు దాటారు. 1880ల తొలినాళ్ళకు ఒంగోలు సంఘము ఇరవైవేలు దాటి, ప్రపంచ బాప్తిస్టు సంఘాలలో మిక్కిలి పెద్దదిగా పేరు పొందింది. కూటి కోసమే మారారన్న విమర్శ అప్పుడూ వచ్చింది, నేటికీ వినబడుతుంది. దానికి కోపపడనక్కరలేదు. ఆ పదిహేను నెలలను చూపిస్తే చాలు.

క్లౌ గారు 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టర్‌లో ప్రభువునందు నిద్రించారు. ఆయన చెప్పగా రెండవ భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ గారు వ్రాసిన జీవితకథ 1914లో వెలువడింది. క్రీస్తును ఎరుగనివారిని గూర్చి తొలినాళ్ళలో తనకున్న కఠినమైన తలంపులు తెలుగువారి మధ్య బ్రతికిన కొద్దీ మెత్తబడిన సంగతి కూడా అందులో దాచలేదు.

ప్రియులారా, మన సంఘములో ఎవరికీ ప్రశ్నించకుండా బాప్తిస్మము ఇవ్వము. అడగబడి, ఆలోచించి, సొంత నోటితో ఒప్పుకున్నవారే నీటిలో దిగుతారు. ప్రశ్నతో లోపలికి వచ్చిన మనము పిల్లలు ప్రశ్నిస్తే ఎందుకు భయపడాలి? బెరయవారు లేఖనాలను ప్రతిదినము పరిశోధించినందుకే ఘనులని అపొస్తలుల కార్యములు 17:11 తెలియజేస్తుంది. పుట్టిన ఊరు విడిచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన పిల్లలు కన్నడ బడులలో, ఇంగ్లీషు బడులలో చదువుతున్నారు. వారికి సందేహాలు వస్తాయి. మన దగ్గర అడగనివ్వకపోతే వేరొక చోట అడుగుతారు.

వచ్చే కూడికలో ఆ కుర్రవాని పక్కన కూర్చొని, పలక మీద ఈ లెక్క వేసి చూపించాలని మేము అనుకున్నాము. ముందుగా, ఆ రోజు కూర్చోబెట్టినందుకు మన్నించమని అడుగుతాము. ప్రభువు మీకు తోడైయుండును గాక.