ఇసుకలో నీటిని కొలిచిన డార్సీ

హెన్రీ డార్సీ 1803లో ఫ్రాన్స్‌లోని డిజాన్ పట్టణంలో జన్మించారు. 14 ఏళ్ల వయసులో తండ్రిని కోల్పోయారు. ఇంజనీరై, 1840లో 12 కిలోమీటర్లకు పైగా దూరంలోని ఊట నీటిని సొంత ఊరికి తెచ్చారు. 1848 విప్లవం తరువాత ఆయనను వేరే ఊరికి బదిలీ చేశారు. ఆరోగ్యం చెడి తిరిగి వచ్చినా ఖాళీగా కూర్చోలేదు. ఇసుక నింపిన గొట్టంలో నీరు పారించి కొలిచారు. ఒత్తిడి తేడా పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, ఇసుక పొర పొడవు పెరిగితే తగ్గుతుంది. 1856లో ఈ సూత్రాన్ని ప్రచురించి, 1858లో మరణించారు.

భూగర్భంలో చమురు కూడా రాతిలోని సన్నని రంధ్రాల్లోనే ఉంటుంది. ఒత్తిడి తగ్గాక, మిగిలిన చమురును నెట్టడానికి నీటిని పంపుతారు. చిక్కని చమురును వదిలేసి పలుచని నీరే ముందుకు జారిపోతుంది. అందుకే నీటిలో పాలిమర్ కలిపి చిక్కగా చేస్తారు. ఆ లెక్కలకు పునాది డార్సీ సూత్రమే. రాయి ద్రవాన్ని ఎంత సులువుగా పోనిస్తుందో కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు.