అన్నదమ్ములను పొట్టన పెట్టుకున్న జబ్బు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం

ప్రపంచానికి గొప్ప మందులు అందించిన తెలుగువారిలో మొదట చెప్పుకోవలసిన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిది. జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో ఆయన పేరు ఎదురుగా ఆరియోమైసిన్, ఫోలిక్ ఆమ్లం, హెట్రజాన్ అని మూడు మాటలు ఉంటాయి. హాస్టల్‌లో చదివే మనందరం ఆ మూడింటినీ బట్టీ పట్టినవాళ్లమే. ఈ సంచిక కోసం ఆయన జీవితం చదువుతుంటే ఆ మూడింటిలో రెండు మందుల వెనుక ఒకే జబ్బు ఉన్నట్లు మాకు తెలిసింది. అది పేగుకు వచ్చే జబ్బు. ఆ జబ్బు ఆయన ఇంట్లోకే వచ్చింది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగవవారు. తండ్రికి ఆరోగ్యం చెడి ఉద్యోగం ముందుగానే పోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. చదువు మీద మనసు లేక, డబ్బు సంపాదిద్దామని చిన్నతనంలోనే కాశీకి బయలుదేరారట. ఇంటివాళ్లు దారిలోనే పట్టి వెనక్కి తీసుకొచ్చారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని పాసవలేదు. ఒకసారి తప్పితే పుస్తకాలు మూటగట్టి కొండెక్కిపోయే మన అన్నయ్యలు కొందరికి ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలని మాకనిపించింది. తల్లి నగలు అమ్మి చదివించారు. ఆ తల్లి పట్టు వదలకపోవడం వల్లే ఆయన మద్రాసులో ఇంటర్ పూర్తి చేసి మెడికల్ కాలేజీలో చేరగలిగారు. తరువాతి కాలంలో ఆయనకు మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కూడా ఆర్థికంగా ఆదుకున్నారు.

అవి గాంధీజీ పిలుపుతో ఖద్దరు కడుతున్న రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్లేవారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. చివరకు రావలసిన ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికి వచ్చింది. ఆ సర్టిఫికెట్‌తో ప్రభుత్వ వైద్యశాఖలో చోటు దొరకక, మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పడానికి కుదిరారు.

ఇక ఆ జబ్బు సంగతి. దాని పేరు స్ప్రూ. మన పెద్దలు గ్రహణి అని చెప్పుకొనే జబ్బులకు దగ్గరిది. విరేచనాలు ఆగవు, నాలుక పుండై ఎర్రబడుతుంది, తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోతాడు. ఈ జబ్బుతోనే సుబ్బారావు గారి సోదరులు ఇద్దరు, పురుషోత్తం గారు, కృష్ణమూర్తి గారు, వెంటవెంటనే చనిపోయారు. ఆయనకూ ఈ జబ్బు సోకి మంచం పట్టారు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. డాక్టరు చదివి కూడా సొంత అన్నదమ్ములకు ఏ మందు వేయాలో తెలియకపోవడం ఎంత బాధో ఊహించుకోవచ్చు. ఎందుకంటే అప్పటికి ఆ మందు ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు.

ఉష్ణదేశాల జబ్బుల గురించి చదవాలని 1920ల మొదట్లో ఆయన ఓడ ఎక్కి అమెరికాలోని బోస్టన్ వెళ్లారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు, మిత్రులు సాయం చేశారు. అక్కడ హార్వర్డ్‌లో ఉష్ణదేశ వైద్యంలో డిప్లొమా తీసుకున్నారు. పొట్టకూటి కోసం రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని కూడా చేశారు. పగలు ప్రయోగశాల. 1925లో సైరస్ ఫిస్కే గారితో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి ప్రకటించారు. దానిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని నేటికీ బయోకెమిస్ట్రీ విద్యార్థులు చదువుతున్నారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలు కూడా ఆ ప్రయోగశాలలో బయటపడ్డాయి. 1930లో డాక్టరేట్ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం దక్కలేదు.

ఇక్కడ కాలేయం గురించి కొంచెం చెప్పాలి. 1926లో మైనట్, మర్ఫీ అనే ఇద్దరు బోస్టన్ వైద్యులు రక్తం తగ్గి చావుకు దగ్గరైన రోగులకు రోజూ పావుకిలో దాకా కాలేయం తినిపించి బతికించారు. వారికి విపుల్ గారితో కలిపి 1934లో నోబెల్ బహుమతి వచ్చింది. కాలేయంలో ఏదో ఉంది, కాని ఏముంది? 1930లలో చాలామంది శాస్త్రజ్ఞులు దాని వెంటపడ్డారు, వారిలో సుబ్బారావు గారు ఒకరు. మన దేశంలో కూడా ఒక ఆధారం దొరికింది. లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో రక్తహీనతతో ఉన్న గర్భిణీలకు ఈస్టు సారం ఇస్తే కోలుకున్నారని 1931లో ప్రకటించారు. కాలేయంలో రక్తం పట్టించే పదార్థాలు ఒకటి కాదు, రెండని చాలా ఏళ్ల తరువాత తేలింది. ఒకటి బి12 విటమిన్. రెండోది, లూసీ విల్స్ గారు ఈస్టులో చూసినది, ఫోలిక్ ఆమ్లం.

సుబ్బారావు గారు 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ ఊళ్లో ఉన్న లెడర్లీ కంపెనీలో చేరి, కొద్దికాలానికే పరిశోధన మొత్తానికి అధిపతి అయ్యారు. కాలేయం నుండి ఫోలిక్ ఆమ్లాన్ని వేరు చేయడానికి ఆయన బృందం ఉపయోగించిన తక్కెడ ఏమిటో తెలిస్తే మనకు నవ్వు వస్తుంది. అది పాలను పులియబెట్టే జాతి సూక్ష్మజీవి! లాక్టోబాసిల్లస్ కేసి అని దాని పేరు. మనం రాత్రి కలిపి ఉంచిన చోడి అంబలి తెల్లారేసరికి పులిసేది, కుండలో తరవాణి పులుపెక్కేది ఇలాంటి సూక్ష్మజీవుల చుట్టాల వల్లనే. ఈ జీవి ఫోలిక్ ఆమ్లాన్ని తనంతట తాను తయారు చేసుకోలేదు, బయటి నుండి దొరికితేనే పెరుగుతుంది. కాబట్టి కాలేయపు సారం చుక్క వేసి చూస్తారు. ఎంత పులిస్తే అందులో అంత విటమిన్ ఉన్నట్టు. టన్నులకొద్దీ సరుకులో గుప్పెడు కూడా లేని పదార్థాన్ని ఈ పులుపు లెక్కతో వెతికి పట్టుకున్నారు. బృందంలోని స్టాక్‌స్టడ్ గారు 1943లో దానిని కాలేయం నుండి శుద్ధంగా వేరు చేశారు. 1945లో దానిని ప్రయోగశాలలోనే తయారు చేశారు. ఆ పరీక్షలో వాడిన సూక్ష్మజీవిని తరువాత శాస్త్రజ్ఞులు రామ్నోసస్ అనే రకంలో చేర్చారు. ఈనాడు విరేచనాలకు ఇచ్చే ప్రోబయోటిక్ పొడుల్లో కొన్నింటిలో ఉండేది ఆ రకం జీవులే.

టామ్ స్పైస్ అనే వైద్యుడు ఆ కొత్త మందును స్ప్రూ రోగులకు వేసి చూశారు. నాలుక పుండ్లు మానాయి, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. అయితే స్ప్రూకు ఇంకో సగం ఉంది. చిన్నపేగులో ఉండకూడనన్ని సూక్ష్మజీవులు చేరి అక్కడే తిష్ట వేస్తాయి, వాటిని వెళ్లగొట్టాలి. దానికి పనికివచ్చే మందు కూడా ఆ కంపెనీ నుండే వచ్చింది. డెబ్బై ఏళ్లు దాటిన డగ్గర్ గారిని సుబ్బారావు గారు ఆదరించి పనిలో పెట్టుకున్నారు. ఆయన మట్టిలోని ఒక జీవి నుండి తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. నేడు ఉష్ణదేశపు స్ప్రూకు వైద్యులు రాసేవి ముఖ్యంగా రెండు మందులు: ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. పురుషోత్తం గారికి, కృష్ణమూర్తి గారికి అందనివి ఆ రెండే.

పేగు, కాలేయం పక్కపక్క ఇళ్ల వంటివని ఇప్పుడు వైద్యులు చెబుతున్నారు. కాలేయానికి చేరే రక్తంలో సుమారు మూడొంతులు పేగుల మీదుగానే వస్తుంది. పేగులో మంచి జీవులుంటే కాలేయానికి భారం తగ్గుతుంది, చెడ్డవి పెరిగితే వాటి విషాలు ముందు తగిలేది దానికే. కాలేయం బాగా చెడిన రోగికి పేగులో పుట్టే అమ్మోనియా మెదడుకెక్కి మతి తప్పుతుంది. ఇటువంటి రోగులకు ప్రోబయోటిక్స్ కొంత మేలు చేయవచ్చని కొన్ని పరిశోధనలు చెప్పాయి, కొవ్వు పట్టిన కాలేయం మీద కూడా చూస్తున్నారు. గట్టిగా తేలింది మాత్రం ఇంకా తక్కువే. అందుచేత మన జి.కె. వీధి, చింతపల్లి, సీలేరు వైపు వానాకాలంలో గెడ్డ నీళ్లు తాగి పచ్చకామెర్లు వచ్చినవారికి పెరుగు పెట్టి ఊరుకుంటే చాలదు. రక్తపరీక్ష చేయించాలి, నీళ్లు మరగకాచి తాగాలి. జీలుగు కల్లు కూడా పులిసినదే కదా అని వాదించే మామయ్యలున్నారు. పులుపు వేరు, మత్తు వేరు, కాలేయానికి ఆ తేడా బాగా తెలుసు.

ఫోలిక్ ఆమ్లంతో పోలిక ఉండి దాని పనిని అడ్డుకునే మందులు కూడా ఈ బృందమే తయారు చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ గారు రక్త క్యాన్సర్ పిల్లలకు కొంతకాలం ఆయువు పోశారు. దాని తరువాతిది మెథోట్రెక్సేట్. అది ఎక్కువకాలం వాడితే కాలేయాన్ని దెబ్బతీస్తుంది గనుక రోగులకు కాలేయ పరీక్షలు చేయిస్తూ, కీళ్ల జబ్బులవారికి ఫోలిక్ ఆమ్లం కూడా తోడుగా ఇస్తారు. బోదకాలుకు పనిచేసే హెట్రజాన్ 1947లో వచ్చింది. డి.ఇ.సి. పేరుతో ఆరోగ్య కార్యకర్తలు ఊళ్లలో మింగించిన మాత్ర అదే. బడుల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. కడుపులో తిప్పుతుందని కిటికీలోంచి విసిరేసేవాళ్లు మనలోనూ ఉన్నారు. అన్నం తిన్న తరువాత వేసుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు ఉండదు.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో న్యూయార్క్ దగ్గర నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, స్వదేశానికి తిరిగి రానూ లేదు. ఆయన ఓడ ఎక్కిన తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, ఆ బిడ్డను ఆయన చూడనే లేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. పత్రికలకు ముఖం చూపించే అలవాటు లేనందువల్ల ఆరియోమైసిన్ డగ్గర్ గారి పేరుతో, అమినోప్టెరిన్ ఫార్బర్ గారి పేరుతో ప్రసిద్ధికెక్కాయి. 1953లో ఒక బూజుకు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.